కొలంబో నుంచి కొలిమిగుండ్లకు

సీమ విన్న లోకం: ధారావాహిక – 9వ భాగం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో రచ్చకట్టల మీదికి పంచాయతీ రేడియోలు ఎట్లా చేరాయో కిందటి భాగంలో చూశాం. పొద్దుగూకగానే వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమం, ధరవరలు. అంతటితో పెట్టె మూసి తాళం వేసేవాళ్ళు. ఆ తాళం పడ్డాక ఊళ్ళో వయసు పిల్లలు ఏం విన్నారన్నది ఈ భాగం కథ.

ముందు దూరదేశం సంగతి ఒకటి. 1964 ఫిబ్రవరి 9 రాత్రి అమెరికాలో ఏడు కోట్ల మందికి పైగా టెలివిజన్ల ముందు కూర్చుని బీటిల్స్ బృందాన్ని చూశారు. ఏప్రిల్ మొదటి వారానికి బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టికలో మొదటి అయిదు స్థానాలూ ఆ లివర్‌పూల్ కుర్రాళ్ళవే. పదేళ్ళ ముందు బిల్ హేలీ, ఎనిమిదేళ్ళ ముందు ఎల్విస్ ప్రెస్లీ వెలిగించిన రాక్ అండ్ రోల్ ఇప్పుడు ఖండాలు దాటుతోంది. ఆ దేశాల్లో పదహారేళ్ళ పిల్లకు తన గది ఉంది, చేతిఖర్చుకు డబ్బుంది, ఆ డబ్బుతో కొనుక్కునే 45 ఆర్‌పీఎం చిన్న రికార్డు ఉంది. గది తలుపు వేసుకుని అమ్మానాన్నలకు నచ్చని పాట వినడమే ఆ సంగీతంలో సగం రుచి.

కొలిమిగుండ్లలో పదహారేళ్ళ కుర్రాడికి వీటిలో ఏదీ లేదు. టెలివిజన్ అప్పటికి ఢిల్లీలో 1959లో మొదలైన చిన్న ప్రయోగం మాత్రమే, హైదరాబాదుకు అది 1977లో గానీ రాలేదు. ఇంగ్లీషు రికార్డులు అమ్మే అంగడి కావాలంటే మద్రాసుకో బెంగళూరుకో రైలెక్కాలి. సొంత గది మాట దేవుడెరుగు, వేసవిలో ఇంటిల్లిపాదీ మిద్దె మీదే నిద్ర. అయినా ఆ దశాబ్దం ముగిసేసరికి సీమ పల్లెల్లో కుర్రకారు కాలికి ఆ కొత్త దరువు పట్టుబడింది. పేరు తెలియకుండానే పట్టుబడింది. అది ఏ దారిన వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఢిల్లీలో ఒక మంత్రి, కొలంబో దగ్గర ఒక యుద్ధకాలపు యంత్రం, బొంబాయి స్టూడియోల్లో గోవా వాద్యగాళ్ళు, మద్రాసులో తెలుగు సంగీత దర్శకులు వరుసగా ఎదురవుతారు.

ఊరూ, ఊరి చెవీ

నాపరాతి సీమ ఇది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అటు తాడిపత్రి దాకా నేల కింద పొరలు పొరలుగా రాయి. నేల మీద బండ, కప్పుకు బండ, పెరటి దడికి నిలువుబండ. ఊరికి దాపున బెలుం దగ్గర నేల కింద మైళ్ళ పొడవున సున్నపురాతి గుహలున్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లోనే వాటి గురించి రాసిపెట్టినా, 1982-83లో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలిచేదాకా లోకానికి పట్టలేదు. అందులో ఒక గదిలో రాతి ఊడలను చేతి మెటికలతో తడితే కంచులాగా మోగుతాయి. ఇప్పుడు దానికి సప్తస్వరాల గుహ అని పేరు పెట్టి చూపిస్తున్నారు.

రేడియో రాకముందే ఈ ఊళ్ళ చెవులకు దరువు బాగా తెలుసు. శ్రీరామనవమికి చెక్కభజన, పండరి భజన. జాతరకు తప్పెట. పీర్ల పండగకు గుండం చుట్టూ తెల్లవార్లూ వాయించే డప్పులకు హిందువులూ ముస్లింలూ కలిసే అడుగు వేసేవాళ్ళు. చెక్కభజన గురువు గతి పెంచుతూ పోతే ఆడేవాళ్ళ కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. నాలుగు దెబ్బల లెక్కలో రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ బలంగా కొట్టడం రాక్ అండ్ రోల్ డ్రమ్ములకు ప్రాణం. ఆ లెక్క ఎవరూ చెప్పకపోయినా, తప్పెట వింటూ పెరిగినవాడికి కాలు ఎక్కడ పడాలో తెలుస్తుంది. వాడికి కొత్తగా తోచింది దరువు కాదు. ఆ గిటారు మోత, ఆ గొంతుల అరుపు.

ఇంకో రెండు సంగతులు ఈ ప్రాంతానికి ప్రత్యేకం. ఒకటి, బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. దాని చుట్టుపక్కల, నంద్యాలలో, కర్నూలులో ఉర్దూ మాట వీధి మాట. కోస్తా పల్లెల్లో హిందీ పాటకు అర్థం చెప్పేవాడు కావాలి. ఇక్కడ పక్కింటి సాయెబుల పిల్లవాడు చాలు. రెండోది, నంద్యాల కేంద్రంగా ఎస్.పి.జి. మిషన్ పందొమ్మిదో శతాబ్దంలోనే బళ్ళూ గుళ్ళూ కట్టింది. నంద్యాల ఎస్.పి.జి. హైస్కూలు పేరు ఎరగని పాతతరం ఈ తాలూకాల్లో తక్కువ. ఆ చర్చీల్లో తెలుగు కీర్తనల పక్కనే ఇంగ్లీషు వరుసల కీర్తనలూ పాడేవాళ్ళు. పాశ్చాత్య బాణీ అనేది సినిమా కంటే ముందే, రేడియో కంటే ముందే ఆదివారం పూట ఈ గాలిలో కలిసింది.

మంత్రిగారు మూసిన తలుపు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం చేతికి చిక్కిన ఆకాశవాణి కేంద్రాలు ఆరే: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. తెలుగువాళ్ళకు మద్రాసే దిక్కు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో నిజాం నాటి దక్కన్ రేడియో ఆకాశవాణి హైదరాబాదు అయింది. కొలిమిగుండ్ల నుంచి విజయవాడ గాలిబాటన 300 కిలోమీటర్ల పైమాటే. పగటిపూట మీడియం వేవ్ అంత దూరం సరిగ్గా అందదు. మనకు దగ్గరలో, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, కడప కేంద్రం 1963లో గానీ మొదలవలేదు.

ఈలోగా 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. 1962 దాకా, పదేళ్ళు ఆయనదే ఆ శాఖ. శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే వెగటు. సినిమా పాటల్లో పాశ్చాత్య వాసన పెరిగిపోతోందన్నది ఆయన బాధ. ఆకాశవాణిలో సినిమా పాటలకు కోత పడింది, వడపోత మొదలైంది, పాటతో పాటు సినిమా పేరు చెప్పడం ప్రకటన కిందికి వస్తుందని ఆపేశారు. కడుపు మండిన నిర్మాతలు ప్రసార హక్కులు వెనక్కి తీసుకున్నారు. కొంతకాలం దేశపు రేడియోలో సినిమా పాట అనేదే దాదాపు లేకుండా పోయింది. హార్మోనియం మీద నిషేధమైతే ఆయన రాకముందే, 1940 నుంచే ఉంది, 1971 దాకా కొనసాగింది. నంద్యాల గుడిలో, నాటకాల రంగస్థలం మీద, భజన మందిరంలో రోజూ వినే పెట్టెకు ఆకాశవాణిలో మాత్రం ప్రవేశం లేదు.

సినిమా పాటకు బదులు లలిత సంగీతం ఇస్తామన్నది ఆకాశవాణి మాట. ఆ మాటలో మంచి లేదనలేం. మద్రాసులోనూ విజయవాడలోనూ బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వాగ్గేయకారుడు తీర్చిన లలిత గీతాలు, తెల్లవారుజాము భక్తిరంజని తెలుగు ఇంటి అభిరుచిని ఒక మెట్టు ఎక్కించాయి. కానీ పదహారేళ్ళవాడికి భక్తిరంజని తెల్లవారి కోసం. వాడికి రాత్రి ఎనిమిది గంటలకు ఏదో కావాలి. ఆ ఏదో ఢిల్లీ ఇవ్వలేదు. కొలంబో ఇచ్చింది.

యుద్ధం వదిలిపోయిన యంత్రం

రెండో ప్రపంచయుద్ధంలో మౌంట్‌బాటెన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా సైన్యాధిపత్యం తన కేంద్రాన్ని సింహళానికి మార్చుకుంది. బర్మా నుంచి మలయా దాకా అడవుల్లో ఉన్న సైనికులకు కబుర్లూ పాటలూ వినిపించడానికి రేడియో సియాక్ పెట్టింది. దాని కోసం కొలంబోకు ఉత్తరాన ఏకల దగ్గర 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. ఆసియాలో ఆనాడు అంత బలమైనవి అరుదు. యుద్ధం ముగిసింది, సైన్యం వెళ్ళిపోయింది, యంత్రం మిగిలింది. 1949లో అది సింహళ ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇంత పెద్ద గొంతు పెట్టుకుని ఇంత చిన్న దేశం ఏం చేస్తుంది? ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ అనే అధికారి దారి చూపించాడు. 1950 నుంచి రేడియో సిలోన్‌లో వ్యాపార ప్రసారాలు మొదలయ్యాయి. గాలి అమ్మకానికి పెట్టారు. భారతదేశంలో సబ్బులు, పళ్ళపొడులు, తలనొప్పి మాత్రలు అమ్మే కంపెనీలకు ఆకాశవాణిలో ప్రకటన వేసుకునే వీలు లేదు. అవి కొలంబోకు క్యూ కట్టాయి. సరిగ్గా రెండేళ్ళకు కేస్కర్ వచ్చి సినిమా పాటను బయటికి గెంటారు. సరుకూ దొరికింది, కొనేవాడూ దొరికాడు.

బినాకా టూత్‌పేస్టు తయారుచేసే సీబా కంపెనీ అప్పటికే రేడియో సిలోన్ ఇంగ్లీషు సేవలో బినాకా హిట్ పరేడ్ నడిపిస్తోంది. అమెరికా, ఇంగ్లండు జనరంజక పాటలను వరుసలు కట్టి వినిపించే కార్యక్రమం అది. దాన్ని చూసి హిందీలోనూ ఒకటి చేద్దామనుకున్నారు. 1952 డిసెంబరు 3, బుధవారం, అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపు విమానంలో కొలంబో వెళ్ళి, అక్కడి నుంచి గాలిలో తిరిగి ఇండియాకు వచ్చేది. ఢిల్లీ వద్దన్న పాట సముద్రం దాటివెళ్ళి మళ్ళీ ఇంటికే వచ్చింది.

ఇక్కడొక మెలిక గమనించాలి. హిందీ పాట కోసం ముల్లు తిప్పేవాడికి దారిలో ఇంగ్లీషు పాట తగులుతుంది. ఒకే స్టేషను, పక్కపక్కనే సేవలు. వెర్నన్ కొరియా, టిమ్ హోర్షింగ్టన్, జిమ్మీ భరూచా వంటి ఇంగ్లీషు వ్యాఖ్యాతల గొంతులు బొంబాయి, బెంగళూరు కాలేజీ పిల్లలకు ఇంటి గొంతులు. అక్కడే ప్రెస్లీ, అక్కడే క్లిఫ్ రిచర్డ్, 1963 తర్వాత అక్కడే బీటిల్స్. మన పల్లె కుర్రాడు వాళ్ళ కోసం వెతకలేదు. బుధవారం ఎనిమిదింటికి గీత్‌మాలా అందుకోవాలని ఓ పావుగంట ముందే ముల్లు తిప్పుతూ కూర్చుంటే, వాళ్ళే వచ్చి చెవిన పడ్డారు. తెలుగు పాటకు కొలంబోలో మీనాక్షి పొన్నుదురై ఉండనే ఉంది. ఆ పేరు, ఆ పలుకు తెలియని ఆనాటి తెలుగు శ్రోత అరుదు. రజనీకాంతరావు పాట విజయవాడలో, ఘంటసాల పాట కొలంబోలో, ప్రెస్లీ పాటా కొలంబోలోనే. విదేశం అన్న మాటకు అర్థం తారుమారైపోయిన కాలమది.

పెట్టె, లైసెన్సు, రాగి జాలి

రేడియో కొనడం ఒక ఎత్తు, పెట్టుకోవడం ఒక ఎత్తు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ప్రతి రేడియోకూ లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. నాపరాతి గనిలో బండ కొట్టే కూలీకి ఆ 15 రూపాయలు చాలా రోజుల కష్టం. ఆ లైసెన్సుల గొడవ పూర్తిగా వదిలింది 1980లలోనే. కాబట్టి 60ల మొదట్లో ఊళ్ళో సొంత రేడియో అంటే రెడ్డిగారింట్లో ఒకటి, అంగడి శెట్టిగారింట్లో ఒకటి, బడిపంతులు దగ్గర ఒకటి. అన్నీ మర్ఫీ, బుష్, ఫిలిప్స్, హెచ్.ఎం.వి.

చెక్కపెట్టె, ముందు గుడ్డ తొడుగు, కింద గాజుపలక మీద వరసగా ఊళ్ళ పేర్లు. మీట తిప్పగానే పాట రాదు. లోపల వాల్వులు కాగాలి. అరనిమిషానికి గాజు వెనక పచ్చటి మ్యాజిక్ కన్ను మెల్లగా తెరుచుకుంటుంది. ముల్లు స్టేషను మీదికి చేరేకొద్దీ ఆ పచ్చ రెండు వైపుల నుంచీ దగ్గరికి వస్తుంది. ఇంటి మీద రెండు వెదురు గడల మధ్య రాగితీగ జాలి, ఏరియల్. కరెంటు లేని చోట బరువైన బ్యాటరీ. రాత్రి 41 మీటర్ల బ్యాండు, పగలు 25 మీటర్లు. కొలంబో నుంచి మన ఊరికి గాలిబాటన సుమారు 900 కిలోమీటర్లు. షార్ట్‌వేవ్ తరంగం నేలబారుగా రాదు. వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనావరణం పొరకు తగిలి కిందికి మళ్ళుతుంది. ఆ పొర గంటగంటకూ మారుతుంది కాబట్టి పాట అలలు అలలుగా వస్తుంది. మంచి చరణం దగ్గరే గొంతు దూరమైపోయి, ఈలలూ గరగరలూ మిగిలి, మళ్ళీ చివరి పల్లవికి దగ్గరికొస్తుంది. గిటారు శబ్దం ఎట్లాంటిదో ఒక తరం మొదట అట్లా, సగం గాలిదుమ్ముతో కలిపి విన్నది.

వినడం కూడా ఒంటరిగా కాదు. బండరాతి గోడల మధ్య పెట్టె గొంతు ఖంగుమంటుంది, వీధి అరుగు దాకా వినపడుతుంది. పెట్టె ఉన్న ఇంటి పెద్దాయన మంచం మీద, వయసు పిల్లలు అరుగు మీద. ముల్లు మీద హక్కు పెద్దాయనది. ఆయన వార్తలకు లేచేలోగా దొరికిన పది నిమిషాలే వీళ్ళ సొత్తు.

"యాందిరా ఆ కూతలు? వార్తల టైమైంది, తిప్పు."

"ఒక్క పాట మామా. అయిపోవచ్చింది."

"పాటంటావా దాన్ని? తేలు కుట్టినట్టు అరుస్తా ఉంటే!"

ఇట్లాంటి మాటలు ఆనాడు వినపడని అరుగు ఉండదు. అయితే ఆ మాటల్లో కోపం కంటే వేళాకోళం ఎక్కువ. మామ ముల్లు తిప్పేస్తాడు, పిల్లలు నవ్వుకుంటారు, రేపు మళ్ళీ వస్తారు. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు వార్తల కోసం ఇదే అరుగు మీద ఊరంతా మూగింది. రేడియో ఇంట ఉండాల్సిన వస్తువన్న ఊహ అప్పుడే గట్టిపడింది.

60ల నడిమికి ట్రాన్సిస్టర్ వచ్చింది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన గోరంత పరికరం పెద్ద పెద్ద వాల్వులకు బదులు కూర్చుంది. తోలు తొడుగు, భుజానికి పట్టీ, టార్చి బ్యాటరీలతో నడిచే పెట్టె. ఇప్పుడు రేడియోకు ఇల్లు అక్కర్లేదు. కళ్ళం దగ్గరికి, గని గట్టుకు, శనగచేను కావలి మంచె మీదికి అది నడిచింది. ముల్లు మీద హక్కు తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మారింది. మన ఊళ్ళకు సంబంధించినంత వరకు ఆ దశాబ్దపు అసలు విప్లవం గిటారు కాదు, ఆ హక్కు చేతులు మారడమే.

మారువేషంలో వచ్చిన కొత్త పాట

ఇంగ్లీషు పాట నేరుగా విన్నవాళ్ళు కొద్దిమంది. ఎక్కువమందికి అది హిందీ కోటు తొడుక్కుని వచ్చింది. బొంబాయి స్టూడియోల్లో గోవా నుంచి వచ్చిన వాద్యగాళ్ళు 40ల నుంచే సాక్సఫోన్, ట్రంపెట్, గిటారు వాయిస్తున్నారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలేట్ సహాయంతో సి. రామచంద్ర జాజ్ వాసన పట్టుకున్నారు. 1957లో వచ్చిన ఆశా సినిమాలో కిశోర్ కుమార్ చేత ఆయన పాడించినది మాటలకు అర్థమే లేని రాక్ అండ్ రోల్ పాట. అర్థం లేకపోవడమే దానికి కలిసొచ్చింది. హిందీ రానివాడూ, వచ్చినవాడూ సమానంగా పాడుకోవచ్చు.

1965లో రెండు సంఘటనలు. జాన్వర్ సినిమాలో శంకర్-జైకిషన్ బీటిల్స్ పాట ఒకదాన్ని హిందీలోకి దించారు. తెర మీద నలుగురు బీటిల్స్ విగ్గులు పెట్టుకుని వాయిస్తుంటే షమ్మీ కపూర్ గెంతాడు. అదే ఏడు గుమ్‌నామ్ మొదట్లోనే ఒక క్లబ్బు పాట. మహమ్మద్ రఫీ గొంతు, తెర మీద టెడ్ లయన్స్ బృందం చేతుల్లో నిజమైన ఎలక్ట్రిక్ గిటార్లు, ముఖానికి గంతలు కట్టుకుని విరుచుకుపడే నాట్యకారులు. మరుసటి ఏడు తీస్రీ మంజిల్‌తో ఆర్.డి. బర్మన్ ఆ దారిని రాజమార్గం చేశాడు. గీత్‌మాలా వరుసల్లో ఈ పాటలు మెట్టు మెట్టు ఎక్కుతుంటే, సినిమా చూడని పల్లె కుర్రాడికి ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో నోటికొచ్చు. ఉర్దూ వీధిభాషగా ఉన్న మన తాలూకాలకు ఈ మాధ్యమం మరీ దగ్గరైంది.

తెలుగు తెర కూడా ఊరుకోలేదు. సాలూరి రాజేశ్వరరావు 1961లో ఇద్దరు మిత్రులు, భార్యాభర్తలు చిత్రాలకు కట్టిన హుషారు పాటల్లో పాశ్చాత్య లయ ఎంత సొంపుగా ఒదిగిందంటే, అది పరాయిదన్న అనుమానమే రాదు. బందరు నుంచి వచ్చిన మాస్టర్ వేణు హమాండ్ ఆర్గన్ మీద చేయి తిరిగిన మనిషి. దక్షిణాది సినిమా పాటకు ఆ వాద్యాన్ని అలవాటు చేసినవాడిగా ఆయన పేరే చెబుతారు. 1966లో కృష్ణ కథానాయకుడిగా గూఢచారి 116 వచ్చింది. టి. చలపతిరావు సంగీతం. జేమ్స్ బాండ్ గాలి తెలుగులో వీచాక క్లబ్బు పాట లేని గూఢచారి సినిమా లేదు. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు ఆ పాటలకు చిరునామా అయింది. మద్రాసు స్టూడియోల్లో ఈ పాటలకు వాయించినవాళ్ళలో పాశ్చాత్య స్వరలిపి చదవగల క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ కళాకారులెందరో. అదే నగరంలో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకోవడానికి 60ల చివర ఒక పల్లెటూరి యువకుడు చేరాడు. పేరు ఇళయరాజా.

ఈ పాటలను ఊరి నడిబొడ్డుకు తెచ్చింది మైకు సెట్టు. పెళ్ళయినా, జాతరైనా వేపచెట్టుకు కట్టిన కొమ్ము స్పీకరు ఉండాల్సిందే. మైకు సెట్టాయన దగ్గర రేకుడబ్బాలో సూదులు, గుడ్డసంచిలో 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్లు. మొదట వినాయకుడి పాట, తర్వాత ఘంటసాల, పెళ్ళివారు భోజనాలకు లేచాక కుర్రాళ్ళు రహస్యంగా అడిగే "ఫాస్టు పాట". రాక్ అన్న మాట సీమ పల్లెలో ఎవరూ అనలేదు. ఫాస్టు పాట, క్లబ్బు పాట, హుషారు పాట. లక్క ప్లేటు చేయిజారితే ముక్కలు కాబట్టి సెట్టాయన దాన్ని ఇంకొకరి చేత ముట్టించడు. అడిగిన పాట కోసం ఆయనకు బీడీకట్ట ముట్టజెప్పిన తరం ఒకటి ఉంది.

ఇంకో దారి రైలుది. మద్రాసు నుంచి బొంబాయి వెళ్ళే పెద్ద లైను మన పక్కనే, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా గుంతకల్లు చేరుతుంది. గుంతకల్లు వంటి జంక్షన్లలో డ్రైవర్లుగా, గార్డులుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో డాన్సులు. ఇంగ్లండు పాట ఆ కుటుంబాలకు కొత్తదేమీ కాదు. అసలు ఈ సంగీతంలో మన గడ్డ మీద పుట్టినవాళ్ళు తక్కువేం కాదు. రింగో స్టార్ రాకముందు బీటిల్స్‌కు డ్రమ్ములు వాయించిన పీట్ బెస్ట్ 1941లో మద్రాసులో పుట్టాడు. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టిందీ మద్రాసే, 1936లో. క్లిఫ్ రిచర్డ్‌ది లక్నో.

తిరుగుబాటు కాని పాట

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. ఇంగ్లండులో, అమెరికాలో ఈ సంగీతం తండ్రీకొడుకుల మధ్య గీత గీసింది. సీమలో ఎందుకు గీయలేదు? ఇక్కడి తండ్రులు ఉదారులని కాదు. అరవయ్యో దశకంలో గొట్టం ప్యాంటు తొడుక్కుని చెవుల మీదికి జుట్టు పెంచుకున్న కొడుకు ఇంట్లో చీవాట్లు తినే ఉంటాడు.

అసలు కారణం వినే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. తలుపు వేసుకుని వినే వీలు లేని చోట పాట రహస్యం కాలేదు. రహస్యం కాని చోట తిరుగుబాటు కాలేదు. ఒకే పెట్టెలో ఆరున్నరకు వ్యవసాయం, ఏడింటికి వార్తలు, ఎనిమిదింటికి గీత్‌మాలా. తాతా మనవడూ ఒకే అరుగు మీద. పైగా ఆ దరువును ముసలాయన కాలు కూడా గుర్తుపట్టింది. చెక్కభజనలో ఆయన ఎగిరినది అంతకంటే నెమ్మదిగా ఏం కాదు. ఆయనకు అడ్డుపడింది భాష, అరుపు. దరువు కాదు.

కర్నూలునే చూడండి. 1957లో వచ్చిన కర్నూలు వైద్య కళాశాలలో ఆ రోజుల్లో పాఠం చెప్పిన డాక్టరుగారు శ్రీపాద పినాకపాణి. పొద్దున ఆస్పత్రి, తక్కిన వేళల్లో త్యాగరాజ కృతికి స్వరలిపి, శిష్యులకు పాఠం. నేదునూరి కృష్ణమూర్తి వంటి దిగ్గజాలు ఆయన దగ్గర మెరుగులు దిద్దుకున్నారు. అదే కళాశాల హాస్టలు పిల్లలు రాత్రయ్యేసరికి కొలంబో కోసం ముల్లు తిప్పే వయసువాళ్ళు. ఒకే ఊళ్ళో ఈ రెండు సంగీతాలూ ఒకదాని గొంతు ఒకటి నొక్కకుండా బతికాయి. కేస్కర్ భయపడినట్టు సినిమా పాట శాస్త్రీయ సంగీతాన్ని మింగేయలేదు. ఆయన ఆశపడినట్టు శాస్త్రీయ సంగీతం సినిమా పాటను తరిమేయనూ లేదు. నిషేధం సాధించిన పని ఒక్కటే. దేశపు శ్రోతను పొరుగుదేశపు స్టేషనుకు అప్పగించడం. ఢిల్లీ అది గ్రహించి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది. వ్యాపార ప్రకటనలకు తలుపు తీసింది 1967లో. అప్పటికి ఒక తరం చెవి కొలంబోలో పెరిగి పెద్దదయింది.

తమాషా ఏమిటంటే, మనవాళ్ళు అటు చెవి ఒగ్గుతున్న కాలంలోనే అటువాళ్ళు ఇటు తిరిగారు. 1965 డిసెంబరులో వచ్చిన రబ్బర్ సోల్ ఆల్బంలో జార్జ్ హారిసన్ సితారు మీటాడు. మరుసటి ఏడు రవిశంకర్ దగ్గర శిష్యరికానికి కూర్చున్నాడు. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ ఋషీకేశ్ వచ్చి మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో దిగారు. ప్రెస్లీ అరుపును తేలు కుట్టడంతో పోల్చిన మామలు పత్రికలో ఆ ఫొటో చూసి, దొరలు దండలు వేసుకుని బాసింపట్టు వేశారే అని ఆశ్చర్యపోయే రోజులొచ్చాయి. 1971లో హరే రామ హరే కృష్ణ సినిమా వచ్చేసరికి గిటారు, హిప్పీ అన్న రెండు మాటలూ పల్లె పలుకుబడిలో కలిసిపోయాయి. హిప్పీ క్రాపు కత్తిరించడం రానివాడు మంగలే కాదన్నారు కుర్రాళ్ళు.

అప్పటికి రేడియో సిలోన్ వెలుగు తగ్గుతోంది. 1967లో అది కార్పొరేషన్ అయింది, 1972లో దేశం పేరుతో పాటు దాని పేరూ మారింది. వివిధ భారతి స్పష్టంగా, దగ్గరగా వినపడుతుంటే ఈలల మధ్య నుంచి పాట ఏరుకునే ఓపిక ఎవరికుంటుంది? అయితే ఆ ఓపిక ఉన్న పదిహేనేళ్ళలో జరగాల్సింది జరిగిపోయింది. 70లలో, 80లలో తెలుగు సినిమా పాట డ్రమ్ములతో, బేస్ గిటారుతో వస్తే సీమ ప్రేక్షకుడు ఉలిక్కిపడలేదు. ఆ శబ్దానికి అతడి చెవి కొలంబో రోజుల్లోనే తెరుచుకుంది. ప్రభుత్వాలు అభిరుచిని ఆజ్ఞతో దిద్దాలని చూసినప్పుడల్లా ఈ కథ గుర్తుచేసుకోవడం మంచిది. ఏం వినకూడదో చెప్పే అధికారం ఢిల్లీకి ఉండొచ్చు. 900 కిలోమీటర్ల అవతల ఒక ట్రాన్స్‌మిటర్, ఇక్కడ 15 రూపాయల లైసెన్సు, మధ్యలో అయనావరణం ఉన్నంతకాలం ఆ అధికారం అరుగు దాకా చేరదు.

(వచ్చే భాగంలో: టేపు రికార్డర్లు, క్యాసెట్లు వచ్చాక మైకు సెట్టాయన ఏమయ్యాడు? జాతరల్లో రికార్డింగ్ డాన్సులు ఎట్లా పుట్టాయి?)